మోటారుబండియందు రంధ్రాన్వేషణము

పరులయందు రంధ్రములు వెదకుట తగని పనియని చిన్ననాటినుండి వినుచున్నాము. పెట్రోలుతో నడచు మోటారుబండి విషయమున మాత్రము రంధ్రాన్వేషణము దోషము గాదు, ఆవశ్యకము.

పెట్రోలు, బండి కదలకున్నను, తొట్టిలో ఆవిరి యగుచునే యుండును. ఎండకాలమున మరింత. ఆ యావిరి గాలికంటె బరువైనది. తలుపులు మూసిన కొట్టములో నేలబారున నిలిచి, నిప్పురవ్వ తగిలినంతనే భగ్గున మండును. బయటిగాలిలో కలిసినను హానియే. అది యంత్రముల పొగలోని నత్రజని వాయువులతో కూడి, సూర్యరశ్మి తగిలినపుడు, ఊపిరితిత్తులను బాధించు ఓజోనును పుట్టించునని 1952 ప్రాంతమున హాగెన్‌స్మిట్ అను శాస్త్రజ్ఞుడు లాస్ ఏంజిలీసు నగరమున తెలిపెను.

అందుచేత ఆవిరిని పట్టియుంచు ఏర్పాటొకటి కలదు. తొట్టినుండి యొక గొట్టము బొగ్గుడబ్బాకు పోవును. ప్రత్యేకముగా సిద్ధపరచిన యా బొగ్గు ఒక్క గ్రాములోని సూక్ష్మరంధ్రముల గోడలను పరచినచో వందలకొలది చదరపు మీటరులగును. ఆవిరి వాని నంటియుండును. యంత్రము నడచునపుడు ఒక కవాటము తెరచుకొనగా, ఆ యావిరి యంత్రములోనికి పోయి మండును. మరియొక కవాటము డబ్బాకు బయటిగాలి నిచ్చును.

ఈ మార్గమున నెచ్చట చిల్లు పడినను ఏర్పాటంతయు వ్యర్థము. అమెరికాలో 1996 మొదలు క్రమముగా క్రొత్తకార్లు తమ్ము తామే పరీక్షించుకొని, ఒక మిల్లీమీటరు రంధ్రమున్నను దీపము వెలిగించి తెలుపుచున్నవి. అట్టి పరీక్ష లేని బండియందు పెట్రోలు వాసనయే తొలి గురుతు.

వెదకుటకు క్రమము కలదు. మొదట తొట్టిమూతను చూడవలెను. అది బిగుతుగా నున్నదా? దాని రబ్బరుచుట్టు పగిలినదా? మూత సరిచేసినను దీపము వెంటనే యారదు; కొన్నిదినములు బండి నడచి, పరీక్ష మరల జరుగవలెను. పిమ్మట గొట్టములను తడిమి చూడవలెను. గడ్డివాముల చెంత నిలిపిన బండిలో ఎలుకలు వానిని కొరుకుట కలదు.

అప్పటికిని దొరకకున్న పొగపరీక్షయే శరణ్యము. పొలములో ఎలుక కన్నమున పొగ యూదగా, కానరాని కన్నములనుండి యది వెడలుట మీ రెరిగినదే. ఇదియు నట్టిదే. నూనెను కాచి పుట్టించిన పొగను నత్రజనితో గొట్టములోనికి పంపుదురు. ఒత్తిడి చదరపు అంగుళమునకు అర పౌను చాలును. చక్రమునకు పట్టించు ముప్పది పౌనుల గాలి పట్టించినచో మంచిభాగములే చెడును. గాలికవాటమును ముందుగా మూయవలెను. లేనిచో దానినుండి వెడలు పొగను చూచి చిల్లని భ్రమపడుదుము. అగ్గిపుల్ల, చుట్ట, బీడీ దరిదాపుల నుండరాదు.

దీపము వెలుగగనే బొగ్గుడబ్బా మార్చవలెనని యెవరైన చెప్పినచో, చిల్లెచ్చటనో ముందు పొగతో చూపుమని యడుగుడు. స్వల్పవ్యయముతో పోవు రబ్బరుచుట్టునకై వేలు వెచ్చింపవలసిన పనిలేదు. పెట్రోలు పట్టించునపుడు పంపు తానుగా ఆగిన పిమ్మట మరికొంత పోయింపకుడు. ద్రవము చేరిన బొగ్గు ఆవిరిని పట్టజాలదు. ఇంటిముందు పసిబిడ్డలు పీల్చు గాలి శుభ్రముగా నుండుటకు ఈ చిన్న జాగ్రత్తలు చాలును.