పాత పలకలు, పచ్చి అంకెలు

గయా ఉపగ్రహము 2025లో తన పరిశీలనలను ముగించిన పిమ్మట పాఠకుడొకరు వ్రాసిన ప్రశ్న నన్ను ఊరకుండనీయలేదు: సుమారు రెండువందల కోట్ల నక్షత్రములను అది అంత సూక్ష్మముగ కొలిచియుండగా, నూరేండ్లనాటి ఆకాశపు ఫోటో పలకల కొలతలను ఇంకను దాచుట యెందులకు?

1887లో పారిస్ వేధశాలాధిపతి మూషే ప్రోద్బలమున జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమును ఇంచుమించు ఇరువది వేధశాలలకు పంచి ఫోటోలు తీయ నిశ్చయించిరి. ఇందొక దక్షిణ ఖండము, అనంతరమొక ఉత్తర ఖండము హైదరాబాదు నిజామియా వేధశాలకు దక్కగా, పొకాక్, భాస్కరన్ అధ్యక్షులుగ ఆ పని నడపిరి. 1964 నాటికి అన్నిచోట్ల కలిపి ఆ పలకల కొలతలు 254 సంపుటములుగ అచ్చయినవి.

ఇక నాకు ప్రీతిపాత్రమైన విషయము. నక్షత్రములు స్థిరములు గావు. ఒక్కొక్కటి తన దారిని మెల్లగ జరుగుచుండును. ఆ జరుగుబాటు వేగమును కనుగొనుటకు రెండు కాలముల స్థానములు కావలెను. స్థానమునందలి దోషమును నడుమ గడచిన ఏండ్లచే భాగించినదే వేగమునందలి దోషము. పాత పలకపై 0.3 వికల (ఆర్క్ సెకండు) తప్పున్నను, ఎనుబదియేండ్లు గడచినచో ఏటికి 0.004 వికల మాత్రమే మిగులును. కావుననే 2000లో వెలువడిన టైకో-2 పట్టిక, హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలను ఈ పాత సంపుటములతో జోడించి, సుమారు 25 లక్షల తారల గతులను నిర్ణయింపగలిగెను.

అంతకంటె చోద్యమేమనగా, ఆ సంపుటములలో ప్రధానముగ అచ్చయినవి ఆకాశస్థానములు కావు. పలకపై ప్రతి తార నిలిచిన చోటు యొక్క అడ్డు నిలువు కొలతలు, ఫోటో తీసిన దినము. నాటి ఆధారతారల స్థానములు దోషభూయిష్ఠములు. వానితో గణించిన తుదిఫలితములనే మిగిల్చియుండిరేని, ఆ దోషము విడదీయరానిదై యుండెడిది. పచ్చి అంకెలు మిగిలినందున, మాస్కోలో 1987–1994 మధ్య వానిని చేతితో కంప్యూటరున కెక్కింపగా, హిప్పార్కస్ తారలే ఆధారముగ మరల గణింప వీలయ్యెను. ఈ పనిని వ్యర్థప్రయాసయని ఈసడించినవారు సామాన్యులు కారు. పలకల బరువున ఫ్రెంచి వేధశాలలు క్రుంగుచుండగా అమెరికనులు వర్ణపటశాస్త్రమున ముందుకేగిరనుట నిజమే. అట్లు ఈసడించినవారు మరచినది కాలము చేయు భాగహారమును.

గయా చూచినది పదేండ్లకు కొంచెమెక్కువ. కానరాని తోడుతో శతాబ్దికొకమారు తిరుగు తార ఆ కొద్దికాలమున తిన్నగ పోవునట్లే తోచును. పాత పలకలవలన తెలియు దీర్ఘకాలగతి అందుకు వేరుగ తేలినచో, సమీపతారల విషయమున ఆ భేదమే తోడును పట్టియిచ్చును. లౌకికప్రయోజన మేమందురా? పెక్కు ఉపగ్రహములు దిక్కు తెలిసికొనుటకు తారాపట్టికలు ఆధారము. ఇంతకుమించి ఆ ప్రశ్నకు ఉత్తరమీయ నాకిష్టము లేదు.

మీ కళాశాలలందు పాత పరిశీలనల పుస్తకములుండినచో, ఫలితములు అచ్చయినవి గదా యని వానిని తూకమున కమ్మివేయకుడు; దినము, పరికరము, కొలత స్పష్టముగ నున్నవో లేవో చూచి, నకలొకటి వేరుచోట నుంచుడు.