కారు ఆడియో పోటీలు: స్పాన్సర్‌షిప్ దక్కేదెలా?

కారులో అమర్చుకున్న ఆడియో వ్యవస్థలకు అమెరికా, ఐరోపా దేశాల్లో పోటీలు నిర్వహిస్తుంటారు. అమెరికాలో ఐయాస్కా, మెకా, ఐరోపాలో ఎమ్మా సంస్థలు వీటికి నియమావళిని రూపొందించాయి. ధ్వని తీవ్రతను డెసిబెళ్లలో కొలిచే విభాగం ఒకటైతే, న్యాయనిర్ణేతలు కారులో కూర్చుని పాటలు విని, నాణ్యతకు మార్కులు వేసే విభాగం మరొకటి.

ఈ అభిరుచికి ఖర్చే అసలు అడ్డంకి. ధ్వని తీవ్రత 3 డెసిబెళ్లు పెరగాలంటే యాంప్లిఫయర్ శక్తి రెట్టింపు కావాలి. అందుకు తగ్గట్టు బ్యాటరీలు, ఆల్టర్నేటర్, వైర్లు మార్చాలి. దీంతో పోటీదారులు స్పాన్సర్లను ఆశ్రయిస్తారు.

స్పాన్సర్‌షిప్ అనగానే పరికరాలన్నీ ఉచితంగా వస్తాయనుకోవడం పొరపాటు. తొలిదశలో సాధారణంగా దక్కేది ధరలో రాయితీయే. ప్రతిఫలంగా కారుపై కంపెనీ గుర్తు అతికించాలి. ప్రదర్శనలకు హాజరై, సందర్శకులకు పరికరాల గురించి ఓపికగా వివరించాలి. గెలుపుతో పాటు నడవడికకూ విలువ ఉంటుంది.

కంపెనీకి లేఖ రాసే ముందు స్థానిక పోటీల్లో పాల్గొని మార్కుల పత్రాలు, కారు ఫొటోలు భద్రపరచుకోవాలి. పరికరాలు బిగించిన దుకాణదారుణ్నే మొదటి స్పాన్సరుగా అడగడం తేలిక. లేఖలో తనకేం కావాలన్నదానికన్నా కంపెనీకి తాను ఏం చేయగలడో ముందు చెప్పాలి.

ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. పరికరాలు ఎవరి సొత్తు, చెడిపోతే మరమ్మతు ఖర్చు ఎవరిది, ఇతర కంపెనీల సామగ్రి వాడవచ్చా అన్నవి అందులో స్పష్టం చేసుకోవాలి. స్పాన్సరు వస్తాడన్న ఆశతో ముందే అప్పు చేసి కారు సిద్ధం చేసుకుంటే చివరికి వడ్డీ భారమే మిగిలే ప్రమాదముంది.