అంబాసిడరు కారు వెనుక ఎత్తు: కమాను కట్టల మరమ్మతును గూర్చి

ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని మాతృకగా గ్రహించి, కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడా కర్మాగారమున 1950వ దశకము చివర హిందుస్తాన్ మోటార్సువారు నిర్మింప నారంభించిన అంబాసిడరు కారు 2014 మే నెల వరకు తయారగుచు వచ్చినది. నిర్మాణము నిలిచినను బండ్లు నిలువలేదు. బెంగుళూరు, చెన్నపట్టణము, బరంపురము మొదలగు తావులలో తండ్రి కొన్న బండిని విడువలేక కాపాడుకొను తెలుగు కుటుంబములు నేటికిని కలవు. అట్టి బండికి వయస్సు మొదట వెనుక భాగమున కనబడును. ముందు తల యెత్తి, వెనుక చతికిలబడినట్లుండును. నలుగురెక్కి పెట్టెలు వేసినచో, గతుకు తగిలినప్పుడెల్ల ఇరుసు పైకి వచ్చి బాడీ అడుగున కొట్టును. దీనిని ఎత్తింపవలెనని యజమాని తలచుట సహజమే. కాని ఎత్తు పెంచుట వేరు, పోయిన ఎత్తును తిరిగి తెచ్చుట వేరు. ఈ భేదము తెలియక చేయించిన మరమ్మతు డబ్బుతోపాటు ప్రాణమునకు కూడ ముప్పు తేగలదు.

కమాను అనునది పారసీక పదము. విల్లు అని అర్థము. తెలుగున, కన్నడమున, మరాఠీలో కూడ ద్వారముపై వంపునకును, బండి క్రింది స్ప్రింగునకును ఈ పేరు చెల్లుచున్నది. మెకానిక్కులు కమాను కట్ట యనునది నిజముగా విండ్ల కట్టయే. ఒకదానిక్రింద నొకటిగా, పోనుపోను పొట్టివగు ఉక్కు పట్టీలను పేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగింతురు. అన్నిటికంటె పొడవైన పట్టీ రెండు కొనలను చుట్టి కన్నులుగా మలతురు. ముందు కన్ను బాడీకి స్థిరముగా తగిలియుండును. వెనుక కన్ను షాకిల్ అను ఊగెడు లంకెకు వ్రేలాడును. ఏలయన బరువు పడి విల్లు చదునైనప్పుడు కన్నుల నడిమి దూరము పెరుగును, ఆ పెరుగుదలకు చోటు కావలెను. కట్ట నడుమను యు ఆకారపు బోల్టులతో ఇరుసునకు బంధింతురు. అంబాసిడరు వెనుక ఇట్టి కట్టలు రెండు. ముందు చక్రములకు కమానులు లేవు. మెలిపడుచు బరువు మోయు టార్షన్ కడ్డీలున్నవి. కావున ముందు ఎత్తు లెక్క వేరు.

ఏ పనికైనను ముందు కొలత తీయవలెను. సమతలమైన నేలపై బండి నిలిపి, టైర్ల గాలి సరిచూచి, వెనుక భాగమును రెండుమూడు సారులు చేతులతో అదిమి విడిచి, చక్రము నడిబొడ్డునుండి మడ్గార్డు అంచువరకు ఇరుప్రక్కల కొలువవలెను. నేలనుండి కొలిచినచో టైరు అరుగుదల లెక్కలోనికి వచ్చి మోసగించును. రెండు ప్రక్కలును సమానముగా దిగియున్నచో ఏండ్ల తరబడి బరువు మోసి ఉక్కు అలసినదని ఊహింపవచ్చును. ఒక ప్రక్కయే దిగినచో పట్టీ విరుగుటయో, షాకిల్ బుష్షులు అరుగుటయో, కమాను తగిలించిన చోట రేకు తుప్పుపట్టుటయో చూడవలెను. వీనిలో కడపటిది మిక్కిలి అపాయకరము; అంబాసిడరుకు వేరుగా చట్రము లేదు, బాడీయే చట్రము. తుప్పుపట్టిన చోట క్రొత్త కమాను బిగించుట పుచ్చిన దూలమునకు క్రొత్త ఊయల కట్టినట్లే. షాక్ అబ్సార్బర్లు మార్చినచో బండి లేచునని కొందరు నమ్ముదురు. వాని పని ఊపును అణచుటయే. బండి బరువు మోయునవి కమానులు.

ఊరూర జరుగు ఉపాయము పట్టీ చేర్చుట. దీని ఫలమును చిన్న లెక్కతో చూడవచ్చును. అయిదు పట్టీల కట్ట ఒక బరువునకు 5 అంగుళములు వంగుచున్నదనుకొందము. అన్నివిధముల వానికి సమానమైన ఆరవ పట్టీ చేరినచో బిరుసు అయిదవ వంతు హెచ్చి, వంగుడు సుమారు 4.2 అంగుళములకు తగ్గును. లాభము ముప్పాతిక అంగుళమునకు కొంచెము పైన, అంతే. చేర్చిన పట్టీ పొట్టిదైనచో ఇంకను తక్కువ. చాలలేదని మందపు పట్టీ వేయింతురు; ఇక్కడనే చిక్కు. పట్టీ బిరుసు దాని మందము యొక్క ఘనమును అనుసరించును. 6 మిల్లీమీటర్లకు బదులు 8 మిల్లీమీటర్ల పట్టీ వేసినచో ఆ పట్టీ బిరుసు రెండు రెట్లు దాటును. అప్పుడు బండి ఎత్తుగానే నిలుచును గాని, ఒక్కరు ప్రయాణించునపుడు గతుకు గతుకుకును ఎగిరిపడును. ఎగిరిన చక్రమునకు నేలపై పట్టుండదు. వాన రోడ్డుమీద బ్రేకు వేసిన క్షణమున ఆ పట్టు విలువ తెలియును. డిక్కీలో గ్యాసు సిలిండరును నిత్యము మోయు టాక్సీకి అదనపు పట్టీ న్యాయమే; ఆదివారము గుడికి పోయివచ్చు బండికి కాదు.

ఇరుసునకును కమానునకును నడుమ దిమ్మ పెట్టుట మరియొకటి. కమాను ఇరుసుపైనున్న బండికే దిమ్మ ఎత్తునిచ్చును. కమాను ఇరుసు క్రిందుగా పోవు బండిని అదే దిమ్మ దింపివేయును! వంగి చూడకయే దిమ్మలు కొనువారికి ఈ వింత అనుభవమునకు వచ్చును. పొడవైన షాకిల్ వేసినచో, ఇరుసు కట్ట నడుమ నుండుటచేత, 2 అంగుళముల పొడవునకు దక్కునది ఇంచుమించు ఒక అంగుళమే; పైగా మలుపులలో వెనుక భాగము ప్రక్కకు ఊగును.

సరియైన మార్గము క్రొత్త కట్టలు వేయుట, లేదా పాత పట్టీలకు తొలినాటి వంపును తిరిగి తెప్పించుట. రెండవ దానిలో కొలిమి విషయమున జాగ్రత్త వలయును. కమాను ఉక్కును సుమారు 850 సెంటిగ్రేడు డిగ్రీలకు కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచి, మరల 400 మొదలు 550 డిగ్రీల నడుమ వేడిచేసి పెళుసుతనమును తీయుదురు. స్ప్రింగు గుణమంతయు ఈ రెండు మెట్లలో నున్నది. పట్టీని ఎఱ్ఱగా కాల్చి, వంచి, గాలికి చల్లారనిచ్చినచో చూపునకు చక్కని విల్లగును. కొన్ని నెలలకే మరల చదునగును. కావున పట్టీని ఎట్లు వంచెదరని కాక, వంచినపిదప ఏమి చేసెదరని అడుగవలెను.

వెనుక భాగము తొలి కొలతకు మించి లేచినచో మార్పు వెనుకనే ఆగదు. ప్రొపెల్లరు షాఫ్టు కోణము మారి కీళ్ళు అదరును. చక్రము వ్రేలాడినప్పుడు బ్రేకు గొట్టము బిగుసుకొనును. హెడ్‌లైట్ల వెలుగు దగ్గరనే నేల పడును. ముందు చక్రముల వాలు తగ్గి, మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను సూటికి వచ్చు గుణము క్షీణించును. వీనికి తోడు రికార్డుల సంగతి యొకటి. 50 ఏండ్లు దాటిన వాహనములకు 2021లో కేంద్ర ప్రభుత్వము వింటేజి నమోదు విధానము ఏర్పరచుచు, అవి మూలరూపమున నుండవలెనని నియమించినది. తొలి ఎత్తునకు తెచ్చుట ఆ నియమమునకు అనుకూలమే.

బిగింపునందు కొన్ని నియమములు తప్పరానివి. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు; ముందు చక్రములకు అడ్డుకట్టలు వేసి, బాడీని దృఢమైన స్టాండ్లపై నిలిపిన పిదపనే క్రిందికి దూరవలెను. కట్టలను రెండు ప్రక్కల ఒకేసారి మార్చవలెను. పాత యు బోల్టులు సాగియుండును గనుక క్రొత్తవి వేయవలెను. కన్నుల బోల్టులను మాత్రము బండి చక్రములపై దిగి, బరువు పడిన తరువాతనే పూర్తిగా బిగింపవలెను. వ్రేలాడుచుండగా బిగించినచో రబ్బరు బుష్షు మెలిపడి త్వరలో చిరుగును. క్రొత్త కమాను మొదట కొంచెము దిగుట సహజము. కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన తరువాత యు బోల్టులను మరల బిగించి, మడ్గార్డు కొలతను మరల తీసి, మొదటి కొలత ప్రక్కన వ్రాసియుంచవలెను.