కడలి అడుగున కృష్ణ

పులికాట్ సరస్సు సమీపాన, బంగాళాఖాతం అడుగున మూడు పెద్ద లోయలున్నాయి. వాటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. ఈ సంగతి మా తరగతిలో చెప్పినప్పుడు, నాగార్జునసాగరం దగ్గరి పల్లెనుంచి వచ్చే కుర్రవాడొకడు సంబరపడి, "మన నది పేరే కదా సార్!" అన్నాడు. నల్లగొండ, పాలమూరు జిల్లాలవాళ్ళకు కృష్ణ అనగానే నదే జ్ఞాపకం రావటం సహజం. మొదట నేనూ అలాగే అనుకున్నాను. కాని ఈ కృష్ణ నది కాదు, మనిషి. ఆ పేరు వెనుక ఒక అమెరికా శాస్త్రవేత్త కథ ఉన్నది.

డాక్టర్ యూజీన్ లఫాండ్ శాన్ డియాగోలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయానికి చెందిన సముద్ర శాస్త్రజ్ఞుడు. 1952లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పటానికి వాల్తేరు వచ్చారు. అప్పుడు అక్కడ వైస్ ఛాన్సలర్ వి. ఎస్. కృష్ణగారు. భూగర్భశాస్త్రాచార్యులు సి. మహదేవన్‌గారు. మహదేవన్‌గారు సర్ సి. వి. రామన్ శిష్యులు, పూర్వం హైదరాబాదు సంస్థానపు భూగర్భ సర్వేలో పనిచేసినవారు. మెట్టసీమ రాళ్ళు చదివిన మనిషే సముద్ర శాస్త్రానికి వాల్తేరులో చోటు కల్పించారన్నమాట.

లఫాండ్‌గారి పాఠం నల్లబల్లతో ఆగలేదు. విద్యార్థులను వెంటబెట్టుకొని మన నౌకాదళపు ఓడలమీద సముద్రం మీదికి వెళ్ళేవారు. వేరు వేరు లోతులలో నీటి వేడిమిని, ఉప్పును కొలిచేవారు. భార్య కాథరిన్ కూడా పరిశోధనలో ఆయనకు తోడు.

అలా తేలిన వాటిలో ఒకటి మన ఇల్లాళ్ళకు సులభంగా బోధపడుతుంది. కాచిన పాలమీద ఊదితే మీగడ ఒక పక్కకు జరిగి, కిందిపాలు పైకి వస్తాయి. వేసవి ముందు నెలల్లో గాలి తీరం వెంబడి నైరుతి నుంచి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు ఒడ్డునుంచి దూరంగా కుడివైపుకు జరుగుతుంది. అడుగునున్న చల్లని నీరు ఆ ఖాళీలోకి పైకి వస్తుంది. ఆ నీటితోపాటు పోషక లవణాలు వస్తాయి. వాటివల్ల సూక్ష్మమైన మొక్కలు, వాటివల్ల చేపలు పెరుగుతాయి.

ఆయన పనిచేసిన శాన్ డియాగో పరిశోధనాలయమే ప్రసిద్ధమైన 'ట్రియెస్ట్' జలాంతర యానానికి నిలయం. 1960 జనవరి 23న ఇద్దరు మనుషులు దానిలో కూర్చుని పసిఫిక్ మహాసముద్రంలో దాదాపు 10,900 మీటర్ల లోతుకు దిగారు. దాని సహాయంతో లోతు ప్రవాహాలను కొలిచినవారిలో లఫాండ్‌గారు ఒకరు.

1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనలో భాగంగా 'ఆంటన్ బ్రూన్' ఓడమీద ఆయన మళ్ళీ బంగాళాఖాతానికి వచ్చారు. ఒకనాడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విహారనౌక అది. ఓడలోంచి పంపిన శబ్దం అడుగును తాకి ప్రతిధ్వనించటానికి పట్టే కాలాన్ని బట్టి లోతు తెలుస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. రెండు సెకన్లకు తిరిగి వచ్చిందంటే అడుగు 1,500 మీటర్ల కింద ఉందన్నమాట. ఆ లెక్కల్లోనే మూడు లోయలూ బయటపడ్డాయి.

అప్పటికి కృష్ణగారు లేరు. మహదేవన్‌గారు 1962లో కన్నుమూశారు. లఫాండ్‌గారు వారిద్దరి పేర్లూ, తనను ఆదరించిన విశ్వవిద్యాలయం పేరూ ఆ లోయలకు పెట్టారు.

ఆ విశ్వవిద్యాలయంలో చదివిన పలువురు దేశమంతటా సముద్ర పరిశోధనలో పనిచేశారు. చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలరులకు చెప్పే కేంద్రం ఈనాడు సముద్రం లేని హైదరాబాదులోనే ఉన్నది, 1999లో స్థాపితమైంది. సునామీ హెచ్చరికలూ అక్కడినుంచే వెళతాయి.

ఇదంతా విని ఆ కుర్రవాడు, "మరి ఆయన పేరు ఏ లోయకూ పెట్టుకోలేదా సార్?" అన్నాడు. "ఆ మూడింటిలో లేదు" అన్నాను. కాసేపు ఊరుకున్నాడు. వాడు ఇంతవరకు సముద్రం చూడలేదట. సంక్రాంతి సెలవులకు విశాఖ వెళ్ళాలంటే రైలు టిక్కెట్టు ఎంతవుతుందని అడిగాడు.