నాలుగు పాళ్ళు రెండయ్యే చోటు

రామగుండం యూరియా బస్తా వెనకున్న అసలు యంత్రం అమ్మోనియా కన్వర్టర్. యూరియాకు కావాల్సిన అమ్మోనియా తయారయ్యేది ఇందులోనే. మందపాటి ఉక్కు పాత్ర, లోపల ఇనుప ఉత్ప్రేరకం. ఘనపరిమాణం లెక్కన ఒక పాలు నత్రజని, మూడు పాళ్ళు హైడ్రోజన్ కలిస్తే వచ్చే అమ్మోనియా రెండు పాళ్ళే. బరువు రవ్వంత కూడా తగ్గదు. తగ్గేది అణువుల సంఖ్య.

ఉష్ణోగ్రత, పీడనం ఒకటే అయితే సమాన ఘనపరిమాణంలో ఏ వాయువుకైనా అణువులు సమానమే అని ఇటలీవాడు అవగాడ్రో 1811లో అన్నాడు. హైడ్రోజన్ తేలిక, బొగ్గుపులుసు వాయువు బరువు, అయినా లెక్క మారదు. పెద్ద మైదానంలో పదిమంది పిల్లలు పరుగెడుతుంటే ఎవరు లావు, ఎవరు సన్నం అన్నదాంతో మైదానానికి పనేముంది? వాయువులో అణువుల మధ్య ఖాళీ అంత ఎక్కువ. నత్రజని, హైడ్రోజన్ అణువులు జంట పరమాణువులని కూడా ఆయనే ఊహించాడు. ఒకే రకం పరమాణువులు జతకడతాయా అని పరమాణు సిద్ధాంతకర్త డాల్టన్ ఒప్పుకోలేదు. దాదాపు యాభై ఏళ్ళు ఆ మాట మూలనపడింది. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో జరిగిన రసాయన శాస్త్రజ్ఞుల సభలో కన్నిజారో దాన్ని మళ్ళీ పైకి తీశాడు.

చిత్రమేమిటంటే, 1909లో రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ తన చిన్న పరికరంలో అమ్మోనియా బొట్లు రాల్చి చూపించిందీ ఆ కార్ల్స్‌రూహెలోనే. నాలుగు అణువులు రెండవుతున్నాయి కాబట్టి పీడనం పెంచేకొద్దీ అమ్మోనియా పాలు పెరుగుతుంది. ఆయన సుమారు 200 వాతావరణాల పీడనం వాడాడు. ఆ పద్ధతిని కర్మాగారానికి ఎక్కించే కష్టం ఇంజనీరు కార్ల్ బాష్ మీద పడింది. వేడి హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి అందులోని కార్బన్‌ను తినేసేది, గొట్టాలు పగిలిపోయేవి. బాష్ లోపల మెత్తని ఇనుప పొర వేసి, బయటి ఉక్కుకు సన్నని రంధ్రాలు పెట్టాడు. పొర దాటిన హైడ్రోజన్ ఉక్కును ముట్టకుండా ఆ రంధ్రాల్లోంచి బయటికి పోయేది. నా మటుకు హేబర్ సిద్ధాంతం కంటే ఈ రంధ్రాలే గొప్పవి. 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో ఉత్పత్తి మొదలైంది.

ఆ వంశపు కన్వర్టరే రామగుండానికి వచ్చింది. సింగరేణి బొగ్గు పక్కనే ఉండటంతో ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) ఇక్కడ బొగ్గును ఆక్సిజన్, ఆవిరితో వాయువుగా మార్చి హైడ్రోజన్ తీసే కర్మాగారం కట్టింది. 1980లో ఉత్పత్తి మొదలై 1999లో ఆగిపోయింది. 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ (రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్) పేరుతో మళ్ళీ పుట్టినప్పుడు ముడిసరుకు మారింది: గొట్టపుమార్గంలో వచ్చే సహజవాయువు.

ఇక్కడా అణువుల లెక్కే. ఆవిరితో పూర్తిగా చర్య జరిగితే బొగ్గులోని ఒక్కో కార్బన్ పరమాణువుకు రెండు హైడ్రోజన్ అణువులొస్తాయి. మీథేన్‌కైతే నాలుగు. అంటే ఒక లీటరు మీథేన్‌కు నాలుగు లీటర్ల హైడ్రోజన్. పైగా బూడిద ఎత్తే పని లేదు, ఆక్సిజన్ కోసం వేరే ప్లాంటు నడపనక్కర్లేదు. పాత కర్మాగారం సామర్థ్యం రోజుకు 1500 టన్నుల యూరియా. కొత్తదానిది 3850. ఇక్కడి గోదావరిఖని గనుల బొగ్గు మాత్రం ఇప్పటికీ పక్కనున్న ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం బాయిలర్లకు వెళ్తోంది.