శస్త్రచికిత్సకు ముందు

స్థూలకాయం తిండిపోతులకు వచ్చేదని లోకం తీర్పు చెబుతుంది. వంశపారంపర్యం, హార్మోన్లు, జీవనవిధానం కలిసి కలిగించే దీర్ఘవ్యాధి అని వైద్యశాస్త్రం చెబుతుంది. బరువును కిలోలలో తీసుకొని, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బి.ఎం.ఐ. ఆసియావాసులకు అది 27.5 చేరినప్పటి నుంచే శస్త్రచికిత్సను సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ వైద్యసంఘాలు పేర్కొన్నాయి.

స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగాన్ని తొలగిస్తారు. అది మళ్ళీ రాదు. అందుకే ముందుగా రక్తపరీక్షలు, మానసిక నిపుణుని సలహా అవసరమవుతాయి. పొగతాగడం మానాలి. రెండు వారాల మితాహారం వల్ల జీర్ణాశయాన్ని కప్పివుండే కాలేయం కుదించుకుపోయి, వైద్యునికి దారి సుగమమవుతుంది. తరువాత జీవితాంతం విటమిన్లు తీసుకోవాలి.

నిజాంసాగర్ వంటి ఊరిలో ఈ సంగతి దాగదు. “నాలుగు ముద్దలు తగ్గిస్తే పోదా?” అని ఒకరు, “కొవ్వు తీయించుకుంటున్నావా?” అని మరొకరు అడుగుతారు. కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్ వేరు. ఈ చికిత్స వేరు. అందరికీ వివరించనక్కరలేదు. “డాక్టరు చూస్తున్నారు పెద్దమ్మా” అంటే చాలు. వంట చేసేవారికి మాత్రం అంతా తెలియాలి; తొలివారాలలో ద్రవాహారమే కదా! పెండ్లి పంక్తిలో కొసరి వడ్డించే బంధువులను కూడా ముందే వారించాలి.