ప్రయాణంలో హోటల్ భోజనం – అలర్జీ ఉన్న పిల్లలు

దారిలో హోటల్ దగ్గర ఆగితే మనం మొదట అడిగేది "హలాలేనా?" అని. జవాబు తృప్తిగా ఉంటే కూర్చుంటాం. లేకపోతే శాకాహారం చెప్పుకుంటాం, అదీ కుదరకపోతే రెండు అరటిపళ్లు తిని సాగిపోతాం. దీన్ని ఎవరూ చాదస్తం అనుకోరు, అడగడానికి మనమూ మొహమాటపడం. మా పాపకు జీడిపప్పు అలర్జీ ఉందని తెలిశాక, ఈ అలవాటుకే ఇంకో ప్రశ్న చేర్చుకోవలసి వచ్చింది. ఆ ప్రశ్న ఎలా అడగాలో తెలియకపోవడం వల్ల ఒకసారి పాపను పోగొట్టుకున్నంత పని అయింది.

అప్పటికి పాపకు నాలుగేళ్లు. బంధువుల ఇంట్లో నికాహ్ కోసం విజయవాడ నుంచి కారులో హైదరాబాద్ వెళ్తున్నాం. మధ్యలో ఒక హోటల్‌లో చపాతీ, వెజ్ కుర్మా చెప్పాం. "బాబూ, మా పాపకు జీడిపప్పు పడదు, ఇందులో ఉందా?" అని అడిగాం. "లేదు సార్" అన్నాడు సర్వర్. పది నిమిషాల్లో పాప పెదవులు గోక్కోవడం మొదలుపెట్టింది. మెడ మీద దద్దుర్లు లేచాయి, వాంతి చేసుకుంది. దగ్గర ఉన్న అలర్జీ సిరప్ తాగించి, తగ్గుతుందిలే అని కాసేపు చూశాం. అదే మేము చేసిన పెద్ద తప్పు. గొంతు బొంగురుపోయి దగ్గు ఆగకపోవడంతో ఆస్పత్రికి పరిగెత్తాం. తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాక పాప తేరుకుంది, అల్‌హమ్దులిల్లాహ్. ఆ రాత్రంతా అక్కడే ఉంచుకున్నారు.

మర్నాడు హోటల్‌కు ఫోన్ చేస్తే వంటాయన అన్న మాట ఇప్పటికీ మరచిపోలేదు: "జీడిపప్పు వేయలేదండీ, పేస్టే వేశాం." సర్వర్ అబద్ధం ఆడలేదు. కుర్మాలో కంటికి కనిపించే పలుకు ఉందా అన్నట్టుగా మా ప్రశ్న అతనికి వినిపించింది, లేదన్నాడు. పైగా మేము వాడిన "పడదు" అనే మాటే చాలా చిన్నది. వంకాయ పడదు, దురద. పెరుగు పడదు, జలుబు. మన భాషలో ఆ మాటకు అంతకు మించిన బరువు లేదు. ఆస్పత్రి, ఊపిరి అనే మాటలు వినకపోతే ఎవరూ వంటగదిలోకి వెళ్లి కనుక్కోరు.

ఇప్పుడు మేము అడిగే తీరు వేరు. "పాప జీడిపప్పు తింటే ఊపిరి ఆడదు, ఆస్పత్రిలో చేర్చాలి. కొంచెం పేస్ట్ ఉన్నా అంతే. ఈ గ్రేవీ చిక్కబడడానికి ఏం వేశారో వంటమాస్టర్‌ను అడిగి చెప్పు తమ్ముడూ" అంటాం. రద్దీ వేళ ఈ మాట ఎవరికీ ఎక్కదు. అందుకే పన్నెండు గంటలకే మధ్యాహ్న భోజనానికి, ఏడింటికే రాత్రి భోజనానికి కూర్చుంటాం. "ఉండదులెండి", "మామూలుగా వేయం" అనే జవాబులను మేము "ఉంది" కిందే లెక్క వేస్తాం. అన్నీ విని "మేము హామీ ఇవ్వలేం" అని చెప్పే హోటల్ మీద మాకు కోపం రాదు, గౌరవమే కలుగుతుంది.

జీడిపప్పు ఎక్కడెక్కడ దాగుతుందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. కుర్మా, షాహీ అనే పేరున్న ప్రతి కూర, పనీర్ బటర్ మసాలా, తెల్లటి గ్రేవీలన్నీ అనుమానించవలసినవే. ఉప్మా, పొంగల్, కేసరిలో పైకి కనిపిస్తుంది, కాబట్టి అక్కడ తల్లిదండ్రులు మోసపోరు. కానీ కనిపించిన పలుకులు ఏరేసి పెట్టడం పనికిరాదు. అలర్జీ తెచ్చేది అందులోని ప్రొటీన్, అది నెయ్యికీ రవ్వకూ అప్పటికే అంటి ఉంటుంది. వండినంత మాత్రాన పోదు. బిర్యానీ, హలీమ్, డబుల్ కా మీఠా సంగతి మనలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. షీర్ ఖుర్మా అయితే మరీ జాగ్రత్త. జీడిపప్పు పడని పిల్లల్లో ఎక్కువమందికి పిస్తా కూడా పడదు, రెండూ ఒకే చెట్ల కుటుంబానివి. సారపప్పు కూడా ఆ కుటుంబానిదే. మామిడీ అంతే, కానీ మా పాప మామిడిపండు హాయిగా తింటుంది. కాబట్టి డాక్టరును అడగకుండా దేన్నీ మానిపించకండి, పిల్లల తిండి అనవసరంగా తగ్గిపోతుంది.

వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలకు మన ప్రాంతంలో ఇంకా కష్టం. టిఫిన్ చట్నీ, పొడులు, పులిహోర, మిర్చీ కా సాలన్, బగారా బైంగన్, అన్నిటిలో అదే. కొబ్బరి చట్నీ అని ఇచ్చేదాంట్లో కూడా పల్లీలు కలుపుతారు. బాగా శుద్ధి చేసిన పల్లీ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది.

వంటకంలో లేకపోయినా గరిటెతో రావచ్చు. అదే పెనం, అదే నూనె మూకుడు, అదే గరిటె. అందుకే హోటల్లో మేము పాపకు చెప్పేది ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, తెల్లన్నం, సాదా పెరుగు. మా ఇంటి పొడి డబ్బా మాతోనే ఉంటుంది. ఏడాదికి రెండు ప్రయాణాలు చేసే పిల్ల రెండు రోజులు ఇడ్లీ తింటే ఏమీ తక్కువ కాదు. తినేముందు బల్ల తుడుస్తాం, చేతులు సబ్బుతో కడిగిస్తాం. శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ పల్లీ జిడ్డును వదిలించదు.

నిజానికి హోటల్ కంటే బంధువుల దస్తర్‌ఖాన్ దగ్గరే మాకు ఎక్కువ కష్టం. "ఒక్క ముక్కకు ఏమవుతుంది బేటా" అంటూ ఖాలాలు, ఫూఫీలు ప్రేమగా నోట్లో పెట్టేస్తారు. వద్దంటే మనసు నొచ్చుకుంటారు. అందుకని ప్రయాణానికి ముందే ఫోన్‌లో ఇంటి పెద్దావిడకు విషయం చెప్పి, ఆమెనే కాపలా పెట్టుకుంటున్నాం. ఆమె మాట ముందు మిగతావారు ఆగుతారు. నియాజ్, ఇఫ్తార్, వలీమా ఏర్పాటు చేసేవారికి మా మనవి ఒకటే. ఏ గిన్నెలో జీడిపప్పు, పల్లీలు ఉన్నాయో చీటీ రాసి పెట్టండి. అలర్జీ ఉన్న పిల్లలకు గరిటెలు కలవకముందే వడ్డించండి.

ప్యాకెట్ల విషయంలో చట్టం కొంత అండగా ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్ ఉంటే ప్యాకెట్ మీద తెలపాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. నువ్వుల అలర్జీ ఉన్నవారు పదార్థాల పట్టిక మొత్తం చదవక తప్పదు. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో అలర్జీ వివరం ఇవ్వాలి. అడిగే హక్కు మనకుంది. బేకరీలో విడిగా తూచి ఇచ్చే బిస్కెట్లను మాత్రం మేము కొనం.

ఉమ్రాకో, గల్ఫ్‌లో ఉన్న కుటుంబం దగ్గరికో వెళ్లేవారు అరబ్బీలో చీటీ రాయించుకోండి. జీడిపప్పును అక్కడా కాజూ అనే అంటారు, పిస్తా ఫుస్తుఖ్, వేరుశనగ ఫూల్ సూదానీ. హమ్మస్‌లో నువ్వుల ముద్ద ఉంటుంది.

ఇక మందు సంగతి. ఒంటి మీద దద్దుర్లతో పాటు దగ్గు, గొంతు మార్పు, ఆయాసం, ఆగని వాంతులు, మగత వీటిలో ఏది కనిపించినా సిరప్‌తో ఆగకూడదు. సిరప్ దురద తగ్గిస్తుంది, ఊపిరిని నిలపలేదు. నిలిపేది అడ్రినలిన్ ఒక్కటే. విదేశాల్లో వాడే పెన్ను లాంటి ఇంజెక్టర్ మన ఊళ్లలో మామూలుగా దొరకదు. మా డాక్టరు గారు యాంప్యూల్, సిరంజి రాసిచ్చి, పాప బరువుకు తగ్గ మోతాదు గుర్తుపెట్టి, తొడ బయటి వైపు ఎలా ఇవ్వాలో మా ఇద్దరి చేతా నీళ్లతో సాధన చేయించారు. మీ డాక్టరు దగ్గర నేర్చుకోకుండా ఇది చేయకండి. ఇంజెక్షన్ ఇచ్చాక పిల్లను పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి, నడిపించకూడదు. ఆయాసపడుతుంటే కూర్చోబెట్టాలి. వెంటనే 108కి, రైలులో అయితే 139కి ఫోన్ చేయాలి. తగ్గినట్టు కనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత లక్షణాలు మళ్లీ రావచ్చు.

మందు సంచి ఎప్పుడూ పాప ఉన్నచోటే ఉంటుంది, డిక్కీలో కాదు. విమానంలో చేతి సంచిలో, డాక్టరు ఉత్తరంతో సహా. ఎండలో ఆపిన కారులో వదిలితే మందు పాడవుతుంది. గడువు తేదీని సంచి మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. ఇప్పుడు ఏడేళ్ల పాపే ఊరికి బయలుదేరే ముందు దాన్ని చదివి మాకు వినిపిస్తుంది.